పుస్తకం ప్రకారం మనిషి

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల మనుషుల శరీరాలు తప్పుగా ఉన్నాయి! ఒకరివో ఇద్దరివో కాదు, దాదాపు అందరివీ. ఈ ఘోరాన్ని ఇన్నాళ్లూ ఏ డాక్టరూ కనిపెట్టలేకపోయాడు. కనిపెట్టింది హోసూరులో ఒక ప్రైవేటు స్కూలు డ్రాయింగు మాస్టారు శ్రీరామప్ప. ఆయనకు మనమంతా రుణపడి ఉండాలి.

తొంభై ఆరులో శ్రీరామప్ప స్కూలు గోడ మీద రైతు దంపతుల బొమ్మ వేశాడు. రైతు భుజాన నాగలి, భార్య చంకన నీళ్ల బిందె. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. రైతుకు రెండూ ఎడమ చేతులే! రైతు భార్య మోచెయ్యి లోకంలో ఎవరికీ మడత పడనివైపు మడత పడింది.

స్కూలు కరస్పాండెంటు అనంతకుమార్‌కు తల కొట్టేసినట్టయింది.

"సారూ, ఆయప్ప వచ్చే నెల మళ్లీ వస్తాడంట. ఆలోపల మనిషిని మనిషి మాదిరి ఏసినారా, మిమ్మల్ని పర్మనెంట్ చేస్తాను. లేదంటే యాడన్నా వేరే స్కూలు చూసుకోండప్పా" అన్నాడు.

శ్రీరామప్ప ఎన్నో ఏళ్లుగా టెంపరరీగా పడి ఉన్నాడు. ఆ ఆదివారమే బెంగళూరు పోయి, ఫుట్‌పాత్ మీద ఒక లావుపాటి అనాటమీ పుస్తకం కొనుక్కొచ్చాడు. అందులో చర్మం ఒలిచిన దొర ఒకడు నడుం మీద చేతులు పెట్టుకుని ఠీవిగా నిలబడి ఉన్నాడు. మనిషి ఎత్తు అతని తలకు ఏడున్నర రెట్లు ఉండాలి. భుజాలు రెండూ ఒకే గీత మీదికి రావాలి. ఎంత చక్కటి నియమాలు! ఇవేవీ తెలియకుండానే మన పెద్దవాళ్లు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు కూడా చేసుకున్నారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవద్దూ?

ఇక శ్రీరామప్ప చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, కనబడినవాళ్లనల్లా కొలవడం మొదలుపెట్టాడు. బస్టాండులో పూలమ్మే మంజులమ్మ ఆ మూసిన కన్ను చూసి, బుట్ట దించి చెప్పు తీసింది. కళాకారులకు అవమానాలు కొత్తా? కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతలో మేకల కాపరి మారియప్ప ఆరు తలలకే అయిపోయాడు. మిగతా తలన్నర ఏమైందని నిలదీస్తే పాపం మేకల్ని లెక్కపెట్టుకున్నాడు. అత్తిముగంలో మేనత్త తాయారమ్మ అయితే ఆ పెన్సిలు చూసి శోకాలే పెట్టింది.

"అయ్యో, పాడెకు కొలతలు తీస్తా ఉండాడే! నేనింకా సావలేదురా!"

చూశారా, తప్పుగా ఉన్నవాళ్లకు తప్పు చూపిస్తే ఎంత కోపమో! వీళ్లకంటే డెంకణికోట వైపు పంటల మీద పడే ఏనుగులు నయం. అచ్చం పిల్లల వాచకంలో బొమ్మ ఉన్నట్టే ఉంటాయి. నన్నడిగితే రేషను కార్డు ఇచ్చే ముందు ప్రతివాణ్ణీ పెన్సిలుతో కొలవాలి. ఏడున్నర తలలైనా లేనివాడికి కిరసనాయిలు ఎందుకండీ?

చివరికి దొరికింది ఇంట్లో మనిషే.

"ఏమ్మే నంజమ్మా, బిందె ఎత్తుకొని ఇట్లా నిలబడు. నా ఉద్యోగం నీ చేతిలో ఉండాది" అన్నాడు భార్యతో.

ఆమె ఖాళీ బిందె తెచ్చింది. ఖాళీ బిందెతో కండరాలు ఎట్లా తెలుస్తాయి? నిండు బిందే కావాలన్నాడు. హోసూరుకు ఫ్యాక్టరీలు వచ్చినంత చురుగ్గా కుళాయికి నీళ్లు రావు కదా! ఆమె వీధి చివరిదాకా పోయి, లైనులో నిలబడి, ఇద్దరితో జగడమాడి, బిందె నింపుకొచ్చి నిలబడింది.

"బుజం లాగతా ఉండాదప్పా" అంది కాసేపటికి.

"కదలొద్దు. బుజమే గీస్తా ఉండాను" అన్నాడు మాస్టారు.

గీశాక చూసుకుంటే ఘోరం! నంజమ్మ నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒక భుజం రెండోదానికంటే బాగా కిందికి దిగింది. బరువు వల్లనేమో అని బిందె దించమన్నాడు. దించినా భుజం పైకి రాలేదు! హడావుడిగా పుస్తకం తిరగేశాడు. దొరకు అలాంటి రోగమేమీ లేదు.

"నీ బుజం తప్పుగా ఉండాదే!" అన్నాడు కంగారుగా.

"పెండ్లప్పుడు బాగానే ఉండె. నీళ్లు మోసీ మోసీ ఇట్లయింది. రాత్రయితే నిద్ర పట్టదు. దీనికేమన్నా సెయ్యప్పా, నీకు పుణ్యముంటాది" అంది నంజమ్మ.

కట్టుకున్నవాడు చెయ్యకుండా ఉంటాడా? వెంటనే రబ్బరు తీసుకుని ఆ భుజాన్ని చెరిపేశాడు. స్కేలు పెట్టి రెండో భుజానికి సమానంగా గీశాడు. నడుమును కూడా నిటారు చేశాడు. ఏ ఆస్పత్రిలో జరుగుతుంది చెప్పండి ఇంత త్వరగా వైద్యం? సూది లేదు, మాత్ర లేదు, డాక్టరు విసుక్కోవడం లేదు!

అధికారి మళ్లీ వచ్చేసరికి గోడ మీది రైతుకు కుడి చెయ్యి మొలిచింది. గోడ మీద రైతు భార్య ఇప్పుడు సరిగ్గా ఏడున్నర తలల ఎత్తున, నిండు బిందె ఎత్తుకుని కూడా సిపాయిలాగా నిలబడి, చిరునవ్వు నవ్వుతోంది. "మనిషంటే ఇట్లా ఉండాలి!" అని ఆయన శ్రీరామప్ప వీపు తట్టాడు. ఉద్యోగం పర్మనెంట్ అయిపోయింది. ఆ సంతోషంలో మాస్టారికి కాలు నిలవలేదు. నీళ్లకు పోతున్న నంజమ్మను దారిలో ఆపి, గోడ దగ్గరికి లాక్కొచ్చాడు.

"ఎవురప్పా ఈయమ్మ?" అంది ఆమె.

"నువ్వే! నీ వంకరంతా తీసేసినాను. ఇప్పుడు ఒక్క తప్పు లేదు సూడు" అన్నాడు శ్రీరామప్ప.

నంజమ్మ ఆ బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

"బాగుండాదప్పా, బుజాలు రెండూ గట్టిగా ఉండాయి. ఇంక నీళ్లకు ఈయమ్మనే పంపించు" అని, ఖాళీ బిందెను ఆ బొమ్మ కాళ్ల దగ్గర పెట్టి ఇంటికి పోయింది.