ఎలుగుబంటికి జరిగిన సెన్షూరు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి ఓ సభ పెట్టుకున్నాయి. ఎలుగుబంటి అధ్యక్షుడు, పునుగుపిల్లి కార్యదర్శి. చాకిరీ అంతా పునుగుపిల్లిది, కుర్చీ మాత్రం ఎలుగుబంటిది. ఎలాగైనా ఆ కుర్చీ ఎక్కాలని పునుగుపిల్లి తహతహ.

సరిగ్గా ఎన్నికల ముందు, వానాకాలానికని చెట్టుతొర్రలో దాచిన ఉమ్మడి తేనెనంతా ఎలుగుబంటి ఒక్కడే నాకేశాడు. పునుగుపిల్లికి పండగే పండగ!

"అధ్యక్షుణ్ణి సెన్షూరు చేద్దాం," అన్నాడు సభలో. ఫారెస్టు బంగళా అటకమీద పెరిగినవాడు కదా, ఇంగ్లీషు ముక్కలు బాగానే ఒంటబట్టాయి.

"అంటే తంతామా?" అంది అడవిపంది ఆశగా.

"ఛఛ! నిండు సభలో తీర్మానం చేసి, నువ్వు చేసింది తప్పు అని గట్టిగా చెప్పడం."

"చెప్పి?"

"అంతే. చెప్పడమే."

"పదవి పోదా?"

"పోదు. కానీ సిగ్గుతో తనే దిగిపోతాడు, చూస్తూండండి!"

తీర్మానం ఇట్టే నెగ్గింది. చిక్కల్లా ఆ తర్వాతే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ సభ చేసినవన్నీ అభినందన తీర్మానాలే. దానికి తెలిసిన పద్ధతి ఒక్కటే.

కోతులు డప్పులు వాయించాయి. నెమలి స్వాగత నృత్యం చేసింది. ఏనుగు ఎలుగుబంటిని బండమీద కూర్చోబెట్టి మోదుగపూల దండ వేసింది. "తేనె మొత్తం తమరొక్కరే తాగినందుకు ఈ సభ తమరిని ఏకగ్రీవంగా ఖండిస్తోంది!" అని తాబేలు చదవగానే చప్పట్లు మారుమోగిపోయాయి.

"దండ తియ్యండర్రా! చప్పట్లు ఆపండర్రా!" అంటూ పునుగుపిల్లి అటూ ఇటూ గెంతాడు. ఆ డప్పుల హోరులో ఎవరు వింటారు?

ఎలుగుబంటి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ సేవలో ఇంత గౌరవం ఎరగను. ఇకముందు ఇంకా ఎక్కువ కష్టపడతాను," అన్నాడు గద్గదంగా.

తెల్లారేసరికి పునుగుపిల్లి గుమ్మంలో జంతువుల బారు.

"అయ్యా, మామిడితోపు ఊడ్చేసింది నేనే. నాకెప్పుడు సెన్షూరు?" అంది కోతి.

"ఇద్దర్ని కుళ్ళబొడిచాను. నేనేం తక్కువ తిన్నానా?" అని అడవిదున్న రంకె వేసింది.

ఎలుగుబంటి పేరు పక్కన 'సెన్షూరు గ్రహీత' అని తగిలించుకుని పోటీ చేశాడు. ఊడ్చిపెట్టినట్టు గెలిచాడు. పునుగుపిల్లికి పడింది సొంత ఓటొక్కటే.

పాపం, కడుపు రగిలిపోయింది. సిగ్గు విడిచి సభలో చేతులు జోడించాడు. "ఇంతకాలం గొడ్డుచాకిరీ చేశాను. నాకూ ఓ చిన్న సెన్షూరు చెయ్యండి బాబూ!"

దుప్పి జాలిగా అడిగింది.

"నువ్వేం చేశావని?"

నీతి: పైకి రాదలచినవాడికి, చెప్పుకోవడానికి ఒక్క తప్పయినా ఉండాలి.