పడిపోయిన గీత

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చిన్నదే: డ్యూటీకి బయల్దేరేలోపు గ్రాఫు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించడం. సబ్బుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం అతనిది, రోజంతా గ్రాఫులతోనే కాపురం. నెల నిండని కూతురి బరువును కూడా రోజూ తూచి కాగితం మీదికి ఎక్కించాడు. చోటు మిగిలింది కదా అని, పాప పుట్టాక తనకు ఎన్ని గంటల నిద్ర దక్కుతోందో ఇంకో గీత గీశాడు. మొదటి గీత నెమ్మదిగా పైకెక్కుతోంది, రెండోది జారుడుబల్లలా దిగుతోంది. పైన శీర్షిక లేదు, ఏ గీత ఏమిటో చెప్పే సూచిక లేదు, నిలువు అక్షం మీద అంకెలు కిలోలా గంటలా అని రాసి లేదు. చూసేది ఇంట్లోవాళ్ళమే కదా అనుకుని, గదిలో పాపకి పాలిస్తున్న భార్యకు వెళ్ళొస్తానని చెప్పి బయటపడ్డాడు.

కూతురి పురిటికి వచ్చి ఉంటున్న అత్తగారు పెరుగు గిన్నె కోసం వచ్చి ఆ కాగితం ముందు ఆగిపోయింది. అల్లుడు పాపను తూస్తున్నాడని ఆవిడకు తెలుసు. కాబట్టి పైకెక్కేది ఉండాల్సిన బరువనీ, కిందికి దిగేది ఉన్న బరువనీ తనే తేల్చుకుంది. మనవరాలికి బుగ్గలు వచ్చిన మాట నిజమే గానీ, చదువుకున్న అల్లుడు గీసినదాన్ని కాదనే ధైర్యం లేకపోయింది. బాలింతకు చెబితే బెంగపడుతుందని ఫొటో తీసి చెల్లెలికి పంపింది. చెల్లెలు బంధువుల గ్రూపులో పెట్టింది. గీత చివర ఉన్న అంకె చదివిన మేనమామ, పిల్ల రెండు కిలోలకు దిగిపోయిందని అందరికీ ఫోన్లు చేశాడు.

లోపలికి సెల్‌ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అత్తగారు ఫ్యాక్టరీ నంబరుకే చేసింది. గీత పడిపోయింది, అల్లుణ్ణి వెంటనే పంపమంది. ఆపరేటరు అంతే శ్రద్ధగా కబురు అందించింది.

"సార్, మీ ఇంట్లో గీతగారు పడిపోయారట."

"మా ఇంట్లో గీత ఎవరూ లేరే."

అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. గీత పాప పేరనీ, ఊయల్లోంచి పడిందనీ కబురు అప్పటికే ప్యాకింగు దాకా పాకింది. కంగారులో పేరు కూడా మర్చిపోయాడు పాపం అని మేనేజరు అతన్ని తన కార్లో ఎక్కించుకున్నాడు. ఊయల మాట విన్నాక అతను దారి పొడుగునా ఇంకాస్త వేగంగా పోనిమ్మని తొందరపెట్టాడు.

ఇంటిముందు చెప్పుల గుట్ట. హాల్లో చిన్నత్తగారు ముక్కు తుడుచుకుంటోంది. వీధి చివరి క్లినిక్ నర్సమ్మ అప్పుడే పాపను త్రాసులోంచి తీసి, పిల్ల దిట్టంగా ఉందని తేల్చింది.

"మరి ఈ పడిపోతున్నది ఏమిటి బాబూ?" అత్తగారు కాగితం చూపించింది.

"నా నిద్ర అత్తయ్యా."

మేనేజరు కాగితం దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకున్నాడు. శీర్షికా సూచికా లేకుండా ఎవరైనా గ్రాఫు తెస్తే నువ్వే తిప్పి పంపుతావు కదయ్యా అన్నాడు. గీత చివర చూశాక మాత్రం ఆయన గొంతు మెత్తబడింది. రెండు గంటల నిద్రతో మనిషి ఎలా బతుకుతాడని అక్కడికక్కడే వారం సెలవిచ్చాడు. అత్తగారు పక్క దులిపింది, చిన్నత్తగారు కిటికీ తెరలు లాగింది. అల్లుడు కాదనలేనట్టు ముఖం పెట్టి గది వైపు అడుగేశాడు.

గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది. జుట్టు రేగి ఉంది, భుజం మీద పాల మరక. ఆమె ఫ్రిజ్ వైపు చూసింది.

"మీ నిద్రకో గీత ఉంది. నాదేదీ?"

"నువ్వెప్పుడు పడుకుంటున్నావో నాకు తెలియలేదు."

"నాకూ తెలియలేదు."

అతను నర్సమ్మ చేతుల్లోంచి పాపను అందుకున్నాడు. దులిపిన పక్క మీద ఆమె పడుకుంది. మేనేజరు చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని మరీ గేటు దాకా నడిచాడు.

మర్నాడు కొత్త గ్రాఫు వెలిసింది. ఈసారి శీర్షిక, సూచిక, కిలోలు, గంటలు అన్నీ ఉన్నాయి, గీతలు మూడు. చూసినవాళ్ళంతా మూడోది కనబడటం లేదన్నారు. సున్నాను అంటుకుని సాగిన ఆమె నిద్రను వాళ్ళు కింది అక్షం అనుకున్నారు.