నలభై ఏడు డిగ్రీల రొయ్యలు

ఆరింటికి రొయ్యల లారీ భీమవరం నుంచి హైదరాబాదు బయల్దేరాలి, ఏడింటికల్లా తాను స్థిమితంగా ఇడ్లీ తినాలి. ఆ రోజుకు వీరవేణి వేసుకున్న పథకం ఇంతే. హోటళ్లకు సరుకు వేసే సురేష్‌బాబుకు ఈ మొదటి లోడు నచ్చితే ఏడాది ఆర్డరు ఇస్తాడు. నచ్చకపోతే ఆమె షెడ్డులో రొయ్యలు వలిచే ఇరవై మంది ఆడవాళ్లకు వచ్చే నెల పనుండదు.

సురేష్‌బాబు ఒక షరతు పెట్టాడు. లారీలో చల్లదనం ఎంతుందో ఎప్పటికప్పుడు తన ఫోనుకు చెప్పే చిన్న యంత్రం సరుకు మధ్యలో ఉండాలి. ముప్పై ఏళ్లుగా ఐసులో చెయ్యి పెట్టి చల్లదనం చెబుతున్న వీరవేణికి ఇది చిన్నతనంగా తోచింది. అయినా కొత్త యంత్రం పసుపు కుంకుమ లేకుండా పనిలోకి ఎలా దిగుతుంది? ఆఫీసు చూసుకునే సారిక దాన్ని ఆన్ చేసి ఇవ్వగానే బొట్టు పెట్టి, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టి, హారతిచ్చింది. సారికే దాన్ని లారీలో పెడుతుందని ఆవిడ, ఆవిడే పెట్టించారని సారిక, ఇద్దరూ పెట్టేశారని డ్రైవరు చిట్టియ్య అనుకున్నారు. లారీ వెళ్లిపోయింది.

ఏడింటికి ఫోను మోగింది.

"నలభై ఏడు డిగ్రీలు చూపిస్తోందండి. పంపింది రొయ్యలా, వేపుడా?" అన్నాడు సురేష్‌బాబు. పదింటిలోగా తగ్గకపోతే లోడు దింపుకోనన్నాడు.

వీరవేణి చిట్టియ్యకు ఫోను చేసింది. చిట్టియ్య బండి నడుపుతూ ఫోను ఎత్తే మనిషి కాదు. వెంటనే ఐసు ఫ్యాక్టరీకి చెప్పి ఇరవై దిమ్మలతో ఇంకో లారీ రప్పించింది. ఈలోగా సారిక యంత్రం ఎక్కడుందో చుక్కలా చూపే మ్యాపు ఫోనులో తెరిచి, అది తమ వీధి కూడా దాటలేదంది. అంటే చిట్టియ్య లారీని ఏ సందులోనో పెట్టి నిద్రపోతున్నాడని వీరవేణి తేల్చేసింది. చీపురు పట్టుకుని సందులన్నీ గాలించింది. వలిచే పని వదిలేసి ఇరవై మందీ ఆమె వెంట నడిచారు. సారిక మాత్రం ఫోనులో చుక్కనే చూసుకుంటూ వెళ్లి దేవుడి గూటి ముందు ఆగింది.

వీరవేణికి అంత సిగ్గు పెళ్లిచూపుల్లో కూడా వెయ్యలేదు. సారిక యంత్రం పట్టుకుని ఐసు లారీ ఎక్కింది.

ఏలూరు దాటాక చిట్టియ్య లారీ రోడ్డు పక్కన కనిపించింది. టైరు పంక్చరై గంటన్నర పోయింది. బయల్దేరబోతుంటే చల్లదనమిచ్చే మోటారు చచ్చి ఊరుకుంది. తల పట్టుకుని కూర్చున్న మనిషి ముందు ఐసు లారీ ఆగేసరికి అతను లేచి వెనక తలుపులు బార్లా తీశాడు. దిమ్మలన్నీ పగలగొట్టి సరుకు మీద పోశారు. మధ్యలో పెట్టిన యంత్రం పదింటికి ముందే రెండు డిగ్రీలకు దిగింది.

సాయంత్రం మళ్లీ సురేష్‌బాబే ఫోను చేశాడు.

"సరుకు బ్రహ్మాండంగా ఉందండి. ఇదివరకైతే ఇక్కడ తలుపు తీశాకే పాడైందని తెలిసేది. కానీ మోటారు ఆగింది తొమ్మిదింటికని మీ డ్రైవరు చెబుతున్నాడు. యంత్రం ఏడింటికే ఎలా కనిపెట్టిందండి?"

వీరవేణి షెడ్డులో తలలు వంచి రొయ్యలు వలుస్తున్న ఆడవాళ్లను చూసింది.

"మా సిస్టమ్ అలాంటిదండి," అంది తొణక్కుండా.

ఏడాది ఆర్డరు ఆ పూటే వచ్చింది. తన ముప్పై లారీలకూ అదే యంత్రం కావాలని, ఏ కంపెనీదో చెప్పమని కింద రాశాడు సురేష్‌బాబు.