గడ్డానికి నాలుగు గళ్ళు

మనిషి ముఖం అతని సొంతమనే అపోహ విజయపురి సౌత్‌లోని కాలువగట్ల కొలతల కార్యాలయంలో ఎవరికీ లేదు. 1984లో అక్కడ గడ్డం పెంచాలంటే ‘రోమ విషయక అనుమతి పత్రం’ మూడు ప్రతుల్లో నింపాలి.

గుమాస్తా ధనుంజయరావుకు ముఖం నిండా మొటిమలు. నెల తిరిగేసరికి ఈపూరు నుంచి అమ్మాయి తండ్రి చెన్నకేశవులు గారు పిల్లవాణ్ణి చూసుకోవడానికి వస్తున్నారు. అమ్మాయి ఫొటో చూసిన నాటి నుంచి ధనుంజయరావుకు అన్నం సయించడం లేదు. గుంటూరు డాక్టరిచ్చిన పూతమందుకు మొటిమలు తగ్గుతున్నాయి గానీ, చర్మం ఎండిపోయి పొట్టు లేస్తోంది. బ్లేడు ఆనితే భగ్గుమంటోంది.

“మంట తగ్గిందాకా గీకొద్దు. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళతో బాగా నానబెట్టు. కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలు వెంటే గియ్యి. పటిక రుద్దావా, నా దగ్గరికి రాకు” అన్నాడు డాక్టరు.

అనుమతి పత్రంలో కారణాలకు నాలుగే గళ్ళున్నాయి: దీక్ష, మొక్కు, మైల, భార్య గర్భం. (నియమావళి రాసినవారికి మొటిమలు వచ్చినట్టు లేదు.)

“దీక్షంటే మాల చూపించాల. మొక్కంటే దేవుడి పేరు రాయాల. మైలంటే సర్టిఫికెట్టు కావాల” అన్నాడు సూపరింటెండెంటు గోవిందయ్య. “నాలుగోదానికి ఏ కాయితమూ అక్కర్లేదు. దాంట్లో టిక్కు పెట్టు.”

“నాకింకా పెళ్ళే కాలేదు గదండీ.”

“పెళ్ళి సంగతి ఈ ఫారంలో అడగలేదుగా. అడగంది మనకెందుకయ్యా?”

ముఖం మండిపోతోంది. ధనుంజయరావు టిక్కు పెట్టాడు.

ఉత్తర్వు వచ్చింది. ప్రతి సోమవారం అతని గడ్డాన్ని స్కేలుతో కొలిచి రిజిస్టరులో ఎక్కించారు. (కొలతల కార్యాలయం కదా.) “ఎన్నో నెల బాబూ?” అంటూ అటెండరు గురవమ్మ పచ్చి చింతకాయలు తెచ్చిపెట్టింది. పాపం, అవి అతనే తిన్నాడు.

నెలకు ముఖం తేటపడింది. చెన్నకేశవులు వచ్చే రోజు పొద్దున్నే డాక్టరు చెప్పినట్టు నానబెట్టి, వాలు వెంట గీసి, కొబ్బరినూనె రాసుకుని ఆఫీసుకెళ్ళాడు. ఎక్కడా చిన్న గాటు లేదు.

గోవిందయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. ఏమీ అడగకుండా ఒక కాయితం టైపు కొట్టించి నోటీసు బోర్డుకు అంటించాడు.

పదకొండింటికి చెన్నకేశవులు వచ్చి, బోర్డు ముందు ఆగి, రెండుసార్లు చదివాడు: ‘శ్రీ ధనుంజయరావు భార్య ప్రసవించినందున గడ్డం అనుమతి రద్దు చేయడమైనది.’

ఆయన లోపలికి వచ్చి ధనుంజయరావు ముఖాన్ని తాపీగా పరిశీలించాడు.

“మొహానికి వంక పెట్టే పనే లేదు” అని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే ఈపూరు వెళ్ళిపోయాడు.