ఎల్లిస్ టోపీ పెట్టుకునే తీరు

పోర్ట్ కెలర్ నగర ప్రజలకు తెలియజేయడమేమనగా, మన హామర్స్ ఫుట్‌బాల్ జట్టులో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ స్థానం ఎల్లిస్ గ్రబోస్కీకి దక్కే అవకాశం ఈ సోమవారం నాటికి నూటికి అరవై మూడుకు చేరింది. పోయిన సోమవారం అది యాభై ఆరు. ఈ రెండు సోమవారాల మధ్య ఎల్లిస్ ఏం చేశాడని అడిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. అడిగి ఉంటే జవాబు సిద్ధంగానే ఉంది: బెంచీ మీద కూర్చున్నాడు.

అయితే కూర్చోవడంలోనూ రకాలుంటాయి. ఒకప్పుడు ఆడి మోకాళ్ళు పోగొట్టుకుని, ఇప్పుడు ఖరీదైన సూట్లు వేసుకుంటున్న నలుగురు నిపుణులు టీవీలో ఆ కూర్చోవడాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. మొదటాయనకి అందులో ఓర్పు కనిపించింది. రెండో ఆయనకి కసి కనిపించింది. మూడో ఆయన, "టోపీ చూడండి, అంచు కాస్త ఎడమకి దించాడు. నాయకత్వం అంటే అదీ," అన్నాడు. నాలుగో ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. టోపీ ఎడమకి దిగడానికి కారణం కుడి చెవి మీద లేచిన సెగగడ్డ. ఆ సంగతి ఎల్లిస్ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. బుధవారానికల్లా బడిపిల్లలు, బ్యాంకు గుమాస్తాలు, చర్చి పాదిరీగారు కూడా టోపీలు ఎడమకి దించేశారు.

మా దగ్గర ఫుట్‌బాల్ చేత్తోనే ఆడతారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని క్వార్టర్‌బ్యాక్ విసురుతాడు. మిగతా అందరి పనీ అతన్ని కాపాడటమో, కింద పడేసి మీద కూర్చోవడమో. ఆ విసిరే పని పదేళ్ళుగా చేస్తున్నవాడు వేన్ హాల్వర్సన్. వేన్ ఓడితే ఊరు తిట్టేది. గెలిస్తే, "గెలిచాడులే గానీ, ఆ గెలుపులో ఉత్సాహమేదీ?" అని మరికాస్త గట్టిగా తిట్టేది. పాపం, వేన్‌లో ఉన్న లోపం ఒక్కటే. అతను ఆడగా అందరూ చూశారు.

ఎల్లిస్ ఆడగా చూసినవాడు లేడు. అందుచేత అతని ఆటలో లోపం చూపించగలిగినవాడూ లేడు. ఆదివారం పొద్దున్నే స్టేడియం పార్కింగులో సాసేజీలు కాలుస్తూ, బీరు తాగుతూ, పొగలో నిలబడి జనం "ఎల్లిస్, ఎల్లిస్" అని లయ తప్పకుండా అరిచేవాళ్ళు. డాక్ వీధి బేకరీవాళ్ళు ఎల్లిస్ బన్ను అని ఒకటి పెట్టారు. దాని లోపల జామ్ ఉండదు. ముందు ముందు పెడతారన్న నమ్మకంతో జనం లైన్లో నిలబడి కొనుక్కునేవాళ్ళు. మేయర్ గారు ఎల్లిస్ దినం ప్రకటించి ప్రసంగించారు.

"ఈ యువకుడు ఈ మైదానంలో ఇంతవరకు ఒక్క పొరపాటూ చెయ్యలేదు," అన్నారాయన. "ఈ మాట నేను నా పరిపాలన గురించి కూడా చెప్పుకోలేను." జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండో వాక్యానికి ఇంకాస్త ఎక్కువ కొట్టారు.

ఇంత ప్రేమ వెనక ఒక అజ్ఞాత శక్తి ఉంది. సాయంత్రం ఇళ్ళకి పోయేవేళ రేడియోలో బిగ్ మర్వ్ కార్యక్రమం వస్తుంది. ఊళ్ళో ఎవరైనా ఫోను చేసి జట్టుని ఎలా నడపాలో చెప్పొచ్చు. నగరసభకి ఎవరూ పోరు గానీ దీనికి మాత్రం లైను దొరకదు. అందులో ప్రతివారం రివర్ రోడ్డు నుంచి గ్లాడిస్ అనే పెద్దావిడ పలికేది. "బాబూ మర్వ్, ఆ కుర్రాడికి ఒక్క అవకాశం ఇచ్చి చూస్తే పోయేదేముంది?" అనేది. ఆ ముక్క ఊళ్ళో నినాదమైంది, బ్యానరు అయింది, బనీన్ల మీద అచ్చయింది. గ్లాడిస్ మాట్లాడుతున్నంతసేపూ వెనక ఒక కుక్క అదే పనిగా మొరిగేది.

ఆ కుక్క పేరు పికిల్. అది ఎల్లిస్ వాళ్ళ కుక్క. గ్లాడిస్ అంటే ముక్కు పట్టుకుని మాట్లాడే లొరెయిన్, ఎల్లిస్ వాళ్ళమ్మ. బడి బస్సు నడిపే మనిషి. వెనక సీట్లలోని గోలని ఒక్క కేకతో ఆపగల గొంతుని ముక్కులోంచి రప్పించడానికి ఆవిడ పడిన కష్టం ఇంతా అంతా కాదు. ఎల్లిస్‌కి సంగతంతా తెలుసు. తెలిసినట్టు ఆవిడకి తెలియనివ్వలేదు.

ఊరి సంబరం అలా ఉండగా, ఎల్లిస్ మాత్రం లోలోపల కుమిలిపోయేవాడు. అతనికి ఆడాలని ఉంది. సీజను ఆఖరుకి ఒప్పందం అయిపోతుంది. ఈలోగా ప్రధాన స్థానం దక్కకపోతే వచ్చే ఏడు ఏ జట్టూ తీసుకోదు. ఎందుకు తీసుకోదంటే ఇంతవరకు ఆడలేదు గనక. ఎందుకు ఆడలేదంటే ఎవరూ ఆడనివ్వలేదు గనక. ఈ తర్కానికి ఊరు కాదుగదా, ఒప్పందాలు రాసే లాయర్లు కూడా విరుగుడు కనిపెట్టలేకపోయారు.

పోనీ సాధనలోనైనా ఆడతాడా అంటే, అక్కడ అతనికి ఎల్లిస్‌గా ఉండే వీల్లేదు. ఆ వారం ఎదుటి జట్టు ఎవరైతే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌లా నటించడం బెంచీ మీద ఉండే రెండోవాడి ఉద్యోగం. మనవాళ్ళు అతని మీద పడి అలవాటు చేసుకోవాలి కదా. అందుకని ఎదుటి జట్టు రంగు బనీన్లు మన కుర్రాళ్ళలో కొందరికి తొడిగి, ఎదుటి జట్టు ఎత్తుగడలన్నీ నేర్పి, బంతి వాళ్ళకే విసరమనేవాళ్ళు. ఎల్లిస్ ఒక వారం కుంటివాడిలా ఆడాడు. ఒక వారం ఎడమచేత్తో విసిరాడు. ఇంకో వారం తొమ్మిదిమంది పిల్లల తండ్రి అయిన ఒక పెద్దాయనలా మాటిమాటికీ నిట్టూర్చాడు. రాత్రి అద్దం ముందు నిలబడి తన చెయ్యి అసలు ఎలా విసురుతుందో గుర్తు తెచ్చుకోబోయేవాడు. గుర్తొచ్చేది కాదు.

"సార్, నేను నాలాగా ఎప్పుడు విసరాలి?" అని కోచ్ డ్రిస్కల్‌ని ఒకరోజు అడిగాడు.

డ్రిస్కల్ నోట్లోంచి విజిల్ తీసి, అతని భుజమ్మీద చెయ్యేశాడు. "నాయనా, ఈ దేశంలో ఎవడైనా తనలాగా ఉండగలడు. ఇంకొకడిలా ఉండగలిగినవాణ్ణి మాత్రం నేను నా ఉద్యోగంలో నిన్నొక్కణ్ణే చూశాను. నువ్వు ఈ జట్టు భవిష్యత్తువి. భవిష్యత్తుని ఎవడైనా వర్తమానంలో వాడేసుకుంటాడా? పో, పోయి ఈ ఆదివారం మనతో ఆడబోయే ప్రెస్కాట్‌వాడిలా విసురు."

ఎల్లిస్ పోయి ప్రెస్కాట్‌వాడిలా విసిరాడు. ప్రెస్కాట్ జట్టుది ఆకుపచ్చ రంగు, మనది నారింజ. వారమంతా ఆకుపచ్చ బనీను కనిపిస్తే చాలు, అతని చెయ్యి దానంతటదే లేచేది. బంతి వెళ్ళి సరిగ్గా ఛాతీ మీద వాలేది. "శభాష్ రా," అనేవాడు డ్రిస్కల్. శనివారానికి అతని అవకాశాలు డెబ్బై ఒకటికి చేరాయి. ఆ వారం అతను గడ్డం గీసుకోలేదని నిపుణులు కనిపెట్టారు.

ఆదివారం ప్రెస్కాట్‌తో ఆట. మన జట్టు కాస్త ముందంజలో ఉండగా వేన్ హాల్వర్సన్ మీద ముగ్గురు పడ్డారు. చీలమండ విరిగింది. స్టేడియం మొత్తం ఒక్కసారిగా లేచి సంతోషంతో కౌగిలించుకుంది. ఆ తర్వాత, పక్కన పిల్లలున్నారని గుర్తొచ్చి, విచారంగా చప్పట్లు కొట్టింది. వేన్‌ని స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే ఎల్లిస్ ఎదురెళ్ళాడు.

"రంగు చూసుకో తమ్ముడూ," అన్నాడు వేన్, అతని చెయ్యి పట్టుకుని.

నొప్పికి ఏదో అంటున్నాడనుకున్నాడు ఎల్లిస్. టోపీ తీసి హెల్మెట్ పెట్టుకుని మైదానంలోకి నడిచాడు. ఇన్నేళ్ళ కోరిక తీరుతోంది. బంతి చేతికొచ్చింది. తల ఎత్తాడు. ఎదురుగా, ఎవరూ అడ్డు లేకుండా, ఒక ఆకుపచ్చ చొక్కా కనిపించింది.

అంత అందమైన విసురు ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. బంతి గాలిలో సుతారంగా తిరుగుతూ వెళ్ళి ప్రెస్కాట్‌వాడి ఛాతీ మీద వాలింది. అతను ఒక క్షణం అనుమానంగా చూసి, తర్వాత పరుగెత్తాడు. రెండో విసురు ఇంకా దూరం, ఇంకా కచ్చితం. మూడోది అందుకున్న ప్రెస్కాట్‌వాడు మర్యాదస్తుడు. బంతితో మైదానం చివరి గీత దాటి టచ్‌డౌన్ చేసి వచ్చి, "చాలా థాంక్స్ అన్నా," అని చెప్పి వెళ్ళాడు.

"ఏరా, అటెందుకు విసురుతున్నావు?" అని డ్రిస్కల్ జుట్టు పీక్కున్నాడు.

"వారమంతా అటే కదా సార్, శభాష్ అన్నారు."

డ్రిస్కల్ జుట్టు వదిలేశాడు. "అది నిజమే," అన్నాడు.

హామర్స్ ఓడిపోయారు. నిపుణులు సమావేశమయ్యారు. విసిరినవన్నీ గురి తప్పకుండా చేరాయని మొదటాయన ఒప్పుకున్నాడు గానీ, ఎక్కడికి చేరాయన్నది కూడా ముఖ్యమేనని రెండో ఆయన అభిప్రాయపడ్డాడు. టోపీ పెట్టుకునే తీరులోనే తనకి మొదట్నుంచీ తేడా కనిపించిందని మూడో ఆయన చెప్పాడు. నాలుగో ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పాదిరీగారు టోపీ నిటారుగా పెట్టుకున్నారు. బేకరీవాళ్ళు బన్నులో జామ్ పెట్టారు. జామ్ పెట్టాక ఎవరూ కొనలేదు.

వేన్ చీలమండ ఈ సీజనుకి కోలుకోదని వైద్యులు చెప్పేశారు. మరో దారిలేక ప్రధాన స్థానం ఎల్లిస్‌కే ఇస్తున్నట్టు డ్రిస్కల్ ప్రకటించాడు. ఆ విధంగా ఎల్లిస్ అవకాశాలు లెక్కల్లోంచి తొలగిపోయాయి, ఉద్యోగం వచ్చేసింది గనక. బెంచీ ఖాళీగా ఉండకూడదు కాబట్టి మంగళవారం జావన్ ప్రిచర్డ్ అనే కుర్రాణ్ణి ఎక్కణ్ణుంచో పిలిపించారు. విమానం దిగేసరికే అతని అవకాశాలు నలభై. విమానాశ్రయంలో తన పెట్టె వచ్చేదాకా ఓపిగ్గా నిలబడ్డ తీరు చూశాక నలభై ఆరు.

ఆ వారం ఎల్లిస్ జీవితంలో మొదటిసారి ఎల్లిస్‌లాగా సాధన చేశాడు. మొదటిరోజు ఎవరిలా విసరాలో తెలియక బంతి పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత చెయ్యి లేచింది, బంతి నారింజ రంగు చొక్కా మీద వాలింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. మైదానం అవతలి కొసన జావన్ ఊదారంగు బనీన్లవాళ్ళకి విసురుతున్నాడు. వచ్చే ఆదివారం ప్రత్యర్థులది ఊదారంగు.

"రంగు చూసుకో తమ్ముడూ," అన్నాడు ఎల్లిస్, పక్కనుంచి పోతూ. జావన్‌కి అర్థం కాలేదు.

ఆదివారం ఎల్లిస్ గెలిపించాడు. మూడు టచ్‌డౌన్లు, మూడూ సొంతవాళ్ళకే. ఒళ్ళంతా బురద, మోచెయ్యి చీరుకుపోయింది, పెదవి చిట్లింది. అంత ఆనందం అతనికి ఎన్నడూ లేదు. మూడోది పడగానే స్టేడియం లేచి నిలబడింది. ఆపైన ఎక్కడో పై వరసలోంచి మొదలై, అలలా కిందికి దిగివచ్చింది అరుపు.

"జావన్. జావన్."

జావన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎండ కుడివైపు నుంచి పడుతోందని టోపీ అంచు అటు దించాడు. అతని చొక్కా మీద మరక లేదు.

ఎల్లిస్ కారులో ఇంటికి బయల్దేరి రేడియో పెట్టాడు. మర్వ్ లైన్లు ఖాళీ లేవంటున్నాడు. గెలిచాడులే గానీ ఆ గెలుపులో ఉత్సాహమేదని ఒకాయన అడుగుతున్నాడు. ఆ తర్వాత ముక్కులోంచి వచ్చే గొంతు వినిపించింది.

"రివర్ రోడ్డు నుంచి గ్లాడిస్‌ని, బాబూ మర్వ్. ఆ కొత్త కుర్రాడికి ఒక్క అవకాశం ఇచ్చి చూస్తే పోయేదేముంది?"

వెనక కుక్క మొరిగింది.

ఎల్లిస్ వంటింట్లోకి వచ్చేసరికి లొరెయిన్ ఫోను పెట్టేసి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతోంది. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

"అమ్మా," అన్నాడు ఎల్లిస్. "పికిల్ గొంతు నాకు తెలుసు."

ఆవిడ తల ఎత్తలేదు. "ఏడాదంతా శుభ్రమైన చొక్కాతో ఇంటికొచ్చావురా. ఇవాళ నీ మూతి చూసుకో. నీ మీద అంతమంది పడుతుంటే నేను చూడాలా?"

"నేను గెలిచానే."

"గెలిచావు నాయనా, ఎవరు కాదన్నారు?" లొరెయిన్ ఒక తడిగుడ్డ తెచ్చి అతని పెదవికి అద్దింది. అబద్ధమాడే మనిషి కాదు, ముక్కు పట్టుకున్నప్పుడు తప్ప. "అదొక్కటే కాదులే. నిజం చెప్పొద్దూ, ఆ అబ్బాయి టోపీ పెట్టుకునే తీరులో ఏదో ఉందిరా."

ఎల్లిస్ కోపంగా తడిగుడ్డ లాక్కున్నాడు. పెదవికి తనే అద్దుకోబోయాడు. మైదానం అంచున ఆ కుర్రాడు కూర్చున్న వైనం, టోపీ అంచు కుడివైపుకి దిగిన వైనం కళ్ళముందుకొచ్చాయి. నిజమే, ఏదో ఉంది.

పాఠక మహాశయులు ఈ ఊరివాళ్ళని చూసి హాయిగా నవ్వుకుని ఉంటారు, సంతోషం. జావన్ ప్రిచర్డ్ ఆటలో బంతి విసరగా మీరూ ఒక్కసారీ చూడలేదు. చూడకుండానే, ఒక్క అవకాశం ఇచ్చి చూస్తే పోయేదేముందని మీకూ అనిపిస్తోంది కదూ?