జబ్బ మారిన బీపీ మిషను

నైట్ సర్వీసు దిగిన బస్సు డ్రైవరుకు ఆ ఉదయం ఒకటే పని, నిద్రపోవడం. దారిలో ఆస్పత్రికి వెళ్తే డాక్టరు, అరగంటకోసారి తనంతట తనే కొలిచి రాసుకునే బీపీ మిషను జబ్బకు కట్టి మరీ పంపాడు. "నిద్రలో బీపీ దిగాలయ్యా. దిగలేదంటే గుండెకు విశ్రాంతి లేనట్టే. అప్పుడు నేను ఫిట్‌నెస్ సంతకం పెట్టను, నీకు బస్సివ్వరు" అని తేల్చేశాడు.

పడుకున్నాడు. పక్క మంచం మీద బావమరిది తెల్లారినా లేవకుండా గుర్రు పెడుతున్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చిన మనిషి, వచ్చిన నాటి నుంచి దిండు తప్ప మరొకటి వెతకలేదు. డ్రైవరుకు కన్ను మూతపడేసరికి గురక. అది ఆగితే మిషను బుస్సుమంటూ జబ్బ పిండటం. అదీ ఆగితే భార్య తలుపు తీసి, "ఏమండీ, నిద్ర పట్టిందా?"

"పట్టింది! నువ్వు లేపావు!"

"అయ్యో, అరవకండి. మిషను రాసేసుకుంటుంది."

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. రాత్రంతా బస్సెడు జనాన్ని నిద్రపుచ్చి మోసేది తను, పగలంతా పడి నిద్రపోయేది వీడు! ఇదెక్కడి న్యాయం? ఆ మంటలోనే ఒక ఆలోచన తట్టింది. ఇంత హాయిగా నిద్రపోయేవాడి బీపీ పాతాళంలో ఉండాలి కదా! మిషను విప్పి బావమరిది జబ్బకు కట్టాడు. వాడు కదిలితే ఒట్టు.

సాయంత్రం డాక్టరు రిపోర్టు చూసి కళ్లజోడు తీశాడు. "ఇదేమిటయ్యా, నిద్రలో బీపీ దిగకపోగా ఎక్కి కూచుంది! గురక పెడతావా?"

"పెడతాడండీ! ఇల్లెగిరిపోయేట్టు!" అక్కసంతా ఒక్కసారిగా బయటపడింది.

"పెడతాడా? ఎవరు?"

డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. నిజం చెబితే సంతకం పోయినట్టే.

"ఇలాంటి గురకలో మధ్యమధ్య ఊపిరి ఆగిపోతుంది. వదిలేస్తే గుండెకే ఎసరు" అన్నాడు డాక్టరు.

గురక ఆగినప్పుడల్లా తను 'అమ్మయ్య' అనుకున్న సంగతి గుర్తొచ్చి డ్రైవరుకు ముచ్చెమటలు పోశాయి. వెధవే కానీ, ఇంటి వెధవ. "మా బావమరిదండీ" అని ఒప్పేసుకున్నాడు.

డాక్టరు కడుపునిండా తిట్టాడు. తర్వాత బావమరిదిని పిలిపించి, పరీక్షలన్నీ చేసి, పడుకునేటప్పుడు ముక్కుకు పెట్టుకొమ్మని గాలి మిషను ఇచ్చాడు. దాంతో గురక మాయమైంది. చాలా నెలల్లో మొదటిసారి డ్రైవరు ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. మళ్లీ కట్టిన బీపీ మిషను ఎంత పిండినా లేవలేదు. బీపీ దిగింది, సంతకం పడింది.

"చూశావా బావా, నీ ఉద్యోగం నిలబెట్టింది నేనే!" అన్నాడు బావమరిది, మంచం దిగకుండానే.

డ్రైవరు న్యాయం చెప్పమన్నట్టు భార్య వైపు చూశాడు.

"వాడి జోలికెళ్లకండి. నిద్ర చెడకూడదని డాక్టరుగారు చెప్పారు" అందావిడ.

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో బద్ధకం అనిపించుకున్నది, ఆ రోజు నుంచి వైద్యం అయింది.