నీలం తలుపు, పక్కన ఖాళీ బల్ల

కళ్లున్నది చూడటానికని మీకెవరు చెప్పారు? శుద్ధ అబద్ధం! కళ్లున్నది ఫోను తెర మీద వెలుతురు సరిపోయిందో లేదో సరిచూసుకోవడానికి. ఈ సత్యాన్ని నేను మా ఊరికొచ్చే యాత్రికుల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లను ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

మాది చిన్న ఊరు. ముందు సముద్రం, వెనక మంచుకొండ, మధ్యలో రాళ్లు పరిచిన మెట్ల సందు. ఆ సందులో మూడో ఇల్లు మాది. మా వీధి తలుపుది నీలం రంగు. అందులో కళాహృదయం ఏమీ లేదు. పడవకు వేయగా మిగిలిన రంగును పారబోయడానికి చేతులు రాక మా నాన్న తలుపుకు పూశాడు, అంతే.

ఆరేళ్ల కిందట ఎవరో అమ్మాయి ఆ తలుపు ముందు ఒంటికాలి మీద నిలబడి ఫొటో దిగింది. దాంతో తలుపు లోకప్రసిద్ధమైంది! ఇరవై ఏళ్లుగా ఓడరేవు ఆఫీసులో పడవల రాకపోకలు రాస్తున్న నన్ను పక్క సందువాళ్లే పోల్చుకోలేరు. మా తలుపుకు మాత్రం నాలుగు ఖండాల్లో అభిమానులున్నారు.

దీనివల్ల మాకెన్ని లాభాలనుకున్నారు! పొద్దున్నే ఆఫీసుకని తలుపు తీయబోతే బయట క్యూ. "అంకుల్, ఒక్క నిమిషం లోపలే ఉండండి, ప్లీజ్!" అంటారు. ఉంటాను. నా ఇంట్లో నేనుండటానికి ఇంత మర్యాదగా అనుమతి ఇచ్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? రోజూ ఆలస్యమవుతోందని ఆఫీసులో పై అధికారి పెట్టే చివాట్లకు కూడా ఇప్పుడు అలవాటు పడిపోయాను.

ఇక వాళ్ల వైరాగ్యం! పద్నాలుగు గంటలు ప్రయాణం చేసి మంచుకొండ దగ్గరికొచ్చి, దానికి వీపు తిప్పి నిలబడతారు. అంత పెద్ద కొండను లెక్కచేయకపోవడం మీవల్ల అవుతుందా? నావల్ల కాదు, నేను వెర్రిమొహం వేసుకుని ఇంకా దాన్ని చూస్తూనే ఉంటాను.

మొన్న రేవు దగ్గరికి ఒక కొత్త జంట వచ్చింది. భర్త మోకాళ్ల మీద కూలబడి, మెడ వంకర పెట్టి, చివరికి తడి రాళ్ల మీద బోర్లా పడుకుని భార్యను డెబ్బైసార్లు ఫొటో తీశాడు. ఆవిడ డెబ్బైయ్యీ చూసి, "నవ్వు న్యాచురల్‌గా రాలేదండీ" అంది. డెబ్బై ఒకటోసారి న్యాచురల్‌గా నవ్వేసరికి వాళ్లెక్కాల్సిన పడవ కాస్తా వెళ్లిపోయింది. "పోతే పోయిందిలే, బ్యాక్‌గ్రౌండ్‌లో భలే పడింది!" అని మొగుడు సంబరపడ్డాడు. ఇంతటి వేదాంతం మునులకైనా ఉందా?

సందు చివర కాఫీ దుకాణం ఆయన మాత్రం అజ్ఞాని. "కప్పు మీద ఆవిరి రావట్లేదని మూడుసార్లు వేడి చేయించారండీ. ఆవిరి ఫొటో తీసుకుని, కాఫీ వదిలేసి పోయారు!" అని నా దగ్గర మొత్తుకున్నాడు. తాగితే కాఫీ అయిపోతుంది, ఫొటో తీస్తే ఎప్పటికీ మిగులుతుంది. ఈ మాత్రం తెలియని మనిషి వ్యాపారం ఏం చేస్తాడు?

కానీ ఈ పుణ్యాత్ములు అందరికన్నా ఎక్కువ మేలు చేసింది మా మేనత్తకు. తలుపు పక్కనే రాతి బల్ల ఉంది. అది అత్త సింహాసనం. పెళ్లయిన ఏడాదికే మామయ్యను సముద్రం మింగితే మా ఇంటికొచ్చేసింది. నాకు నడవడం దగ్గర్నుంచి అబద్ధమాడటం దాకా అన్నీ నేర్పింది ఆవిడే. వలలు బాగుచేయడం ఆవిడ పని. వల ఒక కొసను తలుపు పక్క మేకుకు తగిలించి, రెండో కొసను కుడికాలి బొటనవేలితో లాగిపట్టి చిరుగులు అల్లేది. యాభై ఏళ్ల దారం రాపిడికి ఆ వేలి మీద గాడి పడిపోయింది.

మొదట్లో అందరూ ఆవిణ్ని లేపేవారు.

"అమ్మా, కొంచెం జరుగుతారా? మీరు అడ్డొస్తున్నారు."

"జరుగుతాగానీ నాయనా, ఈ ముడి పడనీ. సగంలో వదిలేస్తే చేపలు నవ్వుతాయి."

అలా రోజుకు యాభైసార్లు, నొప్పుల మోకాళ్లతో, లేచి మళ్లీ కూర్చునేది. ఆ తర్వాత ఫోన్లకు తెలివి పెరిగింది. ఒకరోజు ఎర్రటోపీ పెద్దమనిషి ఒకాయన శుభవార్త చెప్పాడు.

"లేవక్కర్లేదు బామ్మగారూ! తర్వాత మిమ్మల్ని ఫోనులో చెరిపేస్తాం."

"నన్నా? నొప్పేమైనా పుడుతుందా?"

"అబ్బే! మీకు తెలియను కూడా తెలియదు."

"అయితే చెరుపుకో నాయనా. లేచే పని తప్పింది."

ఇంతకన్నా వరం ఏముంటుంది చెప్పండి!

ఆ రోజుల్లోనే మా అమ్మాయి, "నాన్నా, మామ్మ ఫొటో మనింట్లో ఒక్కటీ లేదు, తీద్దామా?" అంది. నేను నవ్వేశాను. "పిచ్చిదానా! రోజుకు వెయ్యిమంది తీస్తున్నారు ఆవిణ్ని, అందరూ చెరిపేస్తారా ఏమిటి? ఇంటి ముందే ఏరు పారుతుంటే బావి తవ్వుకుంటామా?" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొన్న చలికాలంలో, పట్టపగలు, ముడి వేస్తూ వేస్తూనే అత్త గోడకు తల ఆనించింది. నిద్రపట్టిందనుకున్నాం. క్యూలో ఉన్నవాళ్లూ అలాగే అనుకున్నారు కాబోలు, ఆ తర్వాత కూడా పదకొండుమంది ఫొటో దిగి వెళ్లారు.

గోడకు పెట్టుకోవడానికి ఫొటో కావాల్సి వచ్చింది. దానికేం భాగ్యం అనుకుని అమ్మాయీ నేనూ ఫోను ముందు కూర్చున్నాం. మా తలుపు వేల ఫొటోల్లో ఉంది. పొద్దుటి ఎండలో ఉంది, వానలో ఉంది, మంచులో ఉంది. పక్కన బల్ల ఉంది, కడిగిపెట్టినట్టు ఖాళీగా. ఎవరూ పని సగంలో వదల్లేదు, ఎంత శ్రద్ధ!

నాలుగో రోజు అమ్మాయి ఒకటి పట్టుకుంది. ఎవరో బద్ధకస్తుడు సరిగ్గా చెరపలేదు. మేకు నుంచి వల సాగివచ్చి గాల్లో ఆగిపోయింది. దాని కొసన, రాళ్ల మీద, ఒక బొటనవేలు. గాడి పడిన బొటనవేలు.

"మామ్మే!" అని అమ్మాయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాన్నే పెద్దది చేయించి గోడకు పెట్టుకున్నాం. చూడ్డానికొచ్చినవాళ్లు ఫొటోలో తలుపు చాలా బాగుందంటున్నారు.

నిన్న సెలవు కదా అని అత్త బల్ల మీద కూర్చున్నాను. ఒక జంట వచ్చింది. లేవబోయాను.

"ఫర్వాలేదు, కూర్చోండి అంకుల్. తర్వాత చెరిపేస్తాం."

ఎంత మంచివాళ్లో! కూర్చున్నాను. కూర్చునే, లోపలికి కేకేశాను.

"అమ్మాయీ, నీ ఫోను పట్రా. ముందు నువ్వు తియ్యి. కాళ్లు కూడా పడేలా తియ్యి."